మబ్బులేని మెరుపు డ్రిల్లు

ఆ రోజుల్లో లోకంలో ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలినా దానికి జవాబు చెప్పాల్సింది నేనే అనుకునేదాన్ని. తెలంగాణ వచ్చిన కొత్త. నాకు ఇరవై మూడేళ్లు. మాది మోత్కూర్, ఉద్యోగం వచ్చింది మాత్రం మర్రిగూడ దిక్కున ఒక ఊరి హైస్కూల్లో, వ్యాయామ ఉపాధ్యాయురాలిగా. అంత పొడుగు మాట ఊళ్లో ఎవరూ పలకలేదు. పిల్లలకు పీఈటీ మేడాన్ని, పెద్దలకు ఆటల పంతులమ్మను. మెడలో విజిల్, చంకలో రెండు వందల పేజీల నోటుబుక్కు. ఆటలాడే పిల్లలకు దెబ్బలు తగలకుండా, ఎండదెబ్బ కొట్టకుండా, నెత్తిన పిడుగు పడకుండా ఏమేం చేయాలో శిక్షణ కాలేజీలో చెప్పిందంతా అందులో ఎర్ర సిరాతో రాసుకున్నాను. ఆ క్లాసులో తోటివాళ్లు హాయిగా నిద్రపోయేవారు. నేను పోలేదు. (పోయి ఉంటే ఒక ఊరు ఊరంతా కడుపుబ్బ నవ్వుకునే అవకాశం పోయేది.)

మా బడిలో అమ్మాయిల కబడ్డీ జట్టు ఒకటి ఉండేది. అందులో ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తిని అందరూ చేపపిల్ల అని పిలిచేవారు. చినుకు కోసం మొహం వాచిన ఊళ్లో చేప ఎక్కడిదని అడగకండి. కూతకు పోతే ఐదుగురు కలిసి పట్టుకున్నా చేతుల్లోంచి జారి గీత దాటేది, అందుకని ఆ పేరు. ఆ పిల్ల ఉంటే మేం జిల్లా పోటీల దాకా పోగలం, లేకుంటే ఊరి పొలిమేర కూడా దాటలేం. వాళ్లది గొర్రెలు కాచుకునే ఇల్లు. అమ్మా నాయినా మందను తోలుకొని కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డుకు పోయి ఉన్నారు. వానలు పడి మా దిక్కు గడ్డి మొలిచేదాకా తిరిగి రారు. అందాకా పిల్ల మంచిచెడ్డలు ఇంట్లో ఉన్న అవ్వవే. జట్టులో చేర్చుకుంటానని అడగడానికి ఇంటికి పోతే అవ్వ నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"ఆట వద్దు గీట వద్దు పంతులమ్మా. నిరుడు గీ కబడ్డీలనే ఓ పిల్లకు చెయ్యి ఇరిగింది. నా కొడుకు మంద తోలుకొచ్చేటాల్లకు పిల్లను ఎట్ల ఇడిసిపోయిండో గట్లనే అప్పజెప్పాలె నేను."

"నీ మనుమరాలికి ఒక్క గీత పడనియ్య అవ్వా. పడ్డదనుకో, జిల్లాకు తీస్కపోత అని మళ్ల నిన్ను అడగనే అడగ."

"ఆడనియ్యి, చూస్త. జిల్లా ముచ్చట జిల్లాకు పోయే నాడు చెప్త" అంది అవ్వ. అవునన్నట్టా, కాదన్నట్టా అని దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాను.

మర్నాటి నుంచి పిల్లలకు తిప్పలు మొదలయ్యాయి. నోటుబుక్కు ప్రకారం ఇరవై నిమిషాలకోసారి నీళ్లు తాగాలి. ఊరి బోరు నీళ్లు నమ్మదగ్గవి కావు కాబట్టి ఫిల్టరు నీళ్ల క్యాను పెట్టించి, స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టేదాన్ని. "కడుపుల నీళ్లు గుడగుడ అంటున్నయ్ మేడం" అని పిల్లలు మొత్తుకున్నా వినలేదు. ఒకరోజు కూతకు పోయిన పిల్ల అవతలి గీత దాటి, మైదానం దాటి, 'కబడ్డీ కబడ్డీ' ఆపకుండానే నేరుగా మరుగుదొడ్డికి పోయింది. పాయింటు ఎవరికివ్వాలో ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఇక నేల సంగతి. మా మైదానం అంతా మొరం, పడితే మోకాలి తోలు అక్కడే ఉండిపోతుంది. పట్నంలో లాగా మెత్తటి మ్యాట్లు మాకెక్కడివి? నాకో మెరుపులాంటి ఆలోచన వచ్చి, తలా ఒక బొంత తెమ్మన్నాను. పాత చీరలూ ధోవతులూ కలిపి కుట్టిన బొంతలు కోర్టు నిండా పరిచి, దబ్బనంతో ఒకదానికొకటి కలిపి కుట్టాం. దూరం నుంచి చూస్తే ఎంతో ముచ్చటగా ఉండేది. ఆట మాత్రం సాగేది కాదు. "మా అమ్మ పెండ్లి చీర మీద కాలు పెట్టకే" అని ఒకర్తి, "మా తాత ధోతి తొక్కినవ్" అని మరొకర్తి. చేపపిల్లయితే అవ్వ చీర ఉన్న మూలను తొక్కకుండా గెంతి పోయేది. ఆ సంగతి కనిపెట్టి అవతలి జట్టు మొత్తం ఆ మూలలోనే కాపురం పెట్టింది.

వీటన్నిటికంటే నేను గొప్పగా చెప్పుకున్నది మెరుపు డ్రిల్లు. మా దిక్కున వానాకాలం మొదట్లో పిడుగులు ఎక్కువ. చేలల్లో మనుషులూ చెట్ల కింద గొర్రెలూ పోయిన కబుర్లు ఏటా వినేవాళ్లం. కాబట్టి మూడు విజిళ్లు వేయగానే పిల్లలు వేపచెట్టు వైపు పోకుండా బడి వరండాలోకి పరుగెత్తాలి. ఒకవేళ వరండా అందనంత దూరంలో ఉంటే పాదాలు దగ్గర పెట్టి, గొంతుక్కూర్చొని, తల వంచి, రెండు చేతులతో చెవులు మూసుకోవాలి. రెండూ రోజూ అభ్యాసం చేయించేదాన్ని. చిక్కేమిటంటే ఆ ఏడు మిరుగం కార్తె పోయింది, ఆరుద్ర సగమైంది, ఆకాశంలో గుప్పెడు మబ్బు లేదు. పత్తి గింజలు పెట్టి రైతులు పైకి చూస్తూ కూర్చున్నారు. అలాంటి మండుటెండలో నేను "మెరుపూ!" అని అరుస్తాను, విజిల్ వేస్తాను, పన్నెండు మంది ఆడపిల్లలు వరసగా కప్పల్లా కూర్చుంటారు.

మొదట్లో ప్రహరీ గోడ మీద నుంచి ఇద్దరు ముగ్గురు చూసేవారు. తర్వాత సగం ఊరు చూడసాగింది. నాకు గర్వంగా ఉండేది. భద్రత మీద జనంలో ఎంత చైతన్యం వచ్చిందో అని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. మా దిక్కున వానలు రాకుంటే కప్పతల్లి ఆట ఆడతారని మీకు తెలిసే ఉంటుంది. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, పాడుకుంటూ ఇంటింటికీ తిరిగితే ఇల్లాళ్లు బిందెలతో నీళ్లు కుమ్మరిస్తారు. చిన్నప్పుడు మోత్కూర్లో నేనూ తిరిగినదాన్నే. అయినా నా బుర్రకు తట్టలేదు. ఐదో రోజు సాయంత్రం పిల్లలు అలా కూర్చున్నారో లేదో, గేటు తెరుచుకుని పదిహేను మంది ఆడవాళ్లు నిండు బిందెలతో వచ్చి, పిల్లల నెత్తిన తలా ఒక బిందె గుమ్మరించారు. నేను తేరుకునేలోపు నా నెత్తి మీదా ఒకటి పడింది.

"ఏం జేస్తున్రమ్మా?" అని కేక వేశాను, మొహం మీది నీళ్లు తుడుచుకుంటూ.

"గదేంది పంతులమ్మా, గింత నిష్ఠతోని రోజూ పోరిలను కప్పల్లెక్క కూసోబెడ్తున్నవ్. నీళ్లు పొయ్యకుంటే ఫలితముంటదా?" అంది ముందున్నావిడ, నాకే ఏదో నేర్పుతున్నట్టు.

ఇది వాన కోసం కాదని, వాన నుంచి కాపాడుకోవడానికని పావుగంట చెప్పాను. వాళ్లు ఓపికగా విన్నారు. "రాని వాన నుంచి కాపాడుకునుడేంది బిడ్డా?" అని ఒక ముసలమ్మ అడిగితే, విజిల్లోని నీళ్లు దులపసాగాను. ఈలోగా తడిసిన బొంతలు ఎవరివో అందరికీ జ్ఞాపకం వచ్చింది. నీళ్లు పోసిన చేతులే నడుముల మీదికి పోయాయి. ఇక బొంత మీద చుక్క పడనివ్వనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. మా పెద్ద సారు, అంటే హెడ్మాస్టరు గారు, వరండాలోంచి అంతా చూసి, "మేడం, రూల్సన్నీ ఒక చార్టు మీద రాసి గోడకు పెట్టండి. జనానికి అర్థమవుతది" అన్నారు. రాత్రికి రాత్రే రాసి పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత నిజంగానే వచ్చింది. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ, సాయంత్రానికి దేవరకొండ దిక్కున మబ్బు నల్లగా లేచింది. నా ఫోనులో ఇంకా సూర్యుడి బొమ్మే నవ్వుతోంది. మొదటి ఉరుము వినగానే మూడు విజిళ్లు వేశాను. ఎంత చక్కగా చేశారనుకున్నారు! పన్నెండు మందీ తోసుకోకుండా, వేపచెట్టు మొహం చూడకుండా, వరండా చేరారు. అంతలో చినుకులు, చినుకులతో పాటు ఊరు. పూజ ఫలించిందని ఆడవాళ్లు బిందెలతో, చిందులతో మైదానంలోకి వచ్చేశారు. వాళ్లలో అవ్వ కూడా ఉంది. ఆకాశం చీలినట్టు మెరుపు. అప్పుడు మా పిల్లలు వరండా అంచున నిలబడి గొంతు చించుకున్నారు. "చిన్నమ్మా, చెట్టు కిందికి పోకు! బిందె ఆడ పడెయ్యి! లోపలికి ఉరుకు!" నేను నేర్పింది నేర్పినట్టు చెప్పారు. ఊరు ఊరంతా రెండు నిమిషాల్లో వరండాలో ఉంది. నాకు కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లతోనే మైదానం వైపు చూశాను, అక్కడ బొంతలు తడుస్తున్నాయి.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. బొంతల కోసం పరుగెత్తాను. పన్నెండు బొంతలు ఒకటిగా కుట్టి ఉన్నాయని, నీళ్లు పీల్చిన అంత బరువును ఎద్దులు కూడా లాగలేవని అక్కడికి పోయాక తెలిసింది. ఒక కొస పట్టి గుంజాను. అవ్వ చీర మూల మీద కాలు జారి, మడమ మెలికపడి కూలబడ్డాను. లేవబోతే కాలు నిలవలేదు. నెత్తిన మళ్లీ మెరుపు. ఏం చేయాలి? నోటుబుక్కు గుర్తొచ్చింది. పాదాలు దగ్గర పెట్టి, తల వంచి, చెవులు మూసుకొని, ఊరంతా చూస్తుండగా కోర్టు నడిమధ్య కప్పలా కూర్చున్నాను.

వరండాలోంచి ఒక నీడ దూకింది. చేపపిల్ల! "రాకే! పో లోపలికి!" అని అరిచాను. నాకేమైనా ఫరవాలేదు, ఆ పిల్లకేమైనా అయితే అవ్వకు మొహం ఎలా చూపించాలి? ఆ పిల్ల నా మాట వినలేదు. వంగి నా నడుం పట్టుకుంది, లేపింది, ఒంటికాలి మీద గెంతిస్తూ ఒక్క ఊపిరిన వరండాలో పడేసింది. పడేశాక పిడుగు ఎక్కడో చెరువు అవతల పడింది. పెద్ద సారు నన్ను చూడలేదు, గోడ మీది చార్టు చూసి గట్టిగా చదివారు. "నాలుగోది. మెరుపులప్పుడు వస్తువుల కోసం వెనక్కి పోరాదు." కింద నా సంతకం కూడా ఉంది. అందరూ నవ్వారు, అవ్వ తప్ప. ఆమె మనుమరాలి చెయ్యి పట్టుకొని, వాన తగ్గగానే ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు కిరాయి గదిలో కాలు దిండు మీద పెట్టుకొని కూర్చున్నాను. కాలి నొప్పి కంటే ఇచ్చిన మాట పోయిందనే బాధే ఎక్కువ. వచ్చే వారమే జిల్లా పోటీలు. పొద్దెక్కాక అవ్వ వచ్చింది, కొంగుకింద ఏదో ఆకుపసరు గిన్నెతో. అడక్కుండానే నా పాదం ఒళ్లో పెట్టుకొని పట్టు వేయసాగింది.

"తప్పయింది అవ్వా" అన్నాను. "పిల్లను పైలంగ చూస్కుంట అన్న. నా కోసమే పిల్ల మెరుపులల్ల ఉరికొచ్చింది. జిల్లాకు తోలియ్యకు. నేను అడగ."

అవ్వ గుడ్డ చుట్టి ముడి వేసి, అప్పుడు తలెత్తింది. "పిల్లకు గీత పడలే. చూస్కున్న, మొత్తం చూస్కున్న. దానికి నీళ్లు తాపిచ్చేటానికి నువ్వున్నవ్, బొంత పరిచేటానికి నువ్వున్నవ్. నీకు ఎవలున్నరే ఈడ? గింతంత పోరివి, వానల ఒక్కదానివి గట్ల కూసుంటే నా పానం ఎట్లైందో ఎరికేనా? జిల్లాకు పిల్లొస్తది. నేను గూడ వస్త."

అవ్వ అన్నంత పనీ చేసింది. పోటీల నాడు తెల్లచీర కట్టుకొని, సద్దిమూట పట్టుకొని అందరికంటే ముందు బస్సెక్కింది. నేను కట్టుకట్టిన కాలితో కుంటుతూ ఆఖరున ఎక్కాను. అవ్వ మందను లెక్కపెట్టే అలవాటుతో ఒక్కొక్కరి నెత్తి తాకుతూ సీట్ల మధ్య వెనక నుంచి ముందుకు వచ్చింది. "పదమూడు. అందరొచ్చిన్రు, పోనియ్యి" అంది డ్రైవరుతో.

"పన్నెండే అవ్వా, జట్టుల పన్నెండు మందే" అన్నాను.

అవ్వ నా నెత్తి మీద చెయ్యి అలాగే ఉంచి, "పదమూడే" అంది.

రెండో ఆటలోనే ఓడిపోయి వచ్చాం. ఆ తర్వాత ఎన్ని జట్లను ఎన్ని ఊళ్లకు తిప్పానో. ఇప్పుడు కొత్తగా చేరిన పీఈటీలకు భద్రత మీద పాఠాలు చెప్పేది నేనే. వాళ్లలో కొందరు నిద్రపోతారు, ఏమీ అనను. కానీ ముందు వరసలో కూర్చొని, కళ్లు పెద్దవి చేసుకొని ఎర్ర సిరాతో రాసుకునే పిల్ల ఎవరైనా కనబడితే మాత్రం, ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి, ఇక్కడ నీకెవరున్నారమ్మా అని అడగాలనిపిస్తుంది.