అక్క పేరురోజుకు వెళ్లని ఎంపీ

వూచ్ నగరం పక్కనున్న మిల్లు ఊరు పాబ్యానిత్సెలో జనవరి మూడో తేదీ సాయంత్రం గెనొవెఫా ఇంటి తలుపుకు గడియ వేసేవారు కాదు. అది పునీత గెనొవెఫా దినం, కనుక ఆ పేరు పెట్టుకున్న ఆమెకు పేరురోజు. పేరురోజుకు ఎవరూ ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్లు వస్తారు, రానివాళ్లకు పిలుపు అందలేదని చెప్పుకునే వీలు లేదు. బట్టల మిల్లులో ఆమెతోపాటు మరమగ్గాలు నడిపే ఆడవాళ్లంతా వచ్చి ఆ ఇరుకు వంటింట్లో సర్దుకునేవారు. బల్ల మీద ఊరవేసిన చేప, ఉడికిన క్యాబేజీ, గసగసాల కేకు. కిటికీ పక్క కుర్చీ మాత్రం తమ్ముడు బోగుమీల్ సార్నెత్స్కిది.

తల్లి పోయాక అతన్ని పెంచింది, వూచ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివించింది ఈ అక్కే. చదువు ముగించి అక్కడే పాఠాలు చెప్పసాగినా, తన ప్రతి కొత్త ఆలోచననూ బోగుమీల్ ఆ బల్ల దగ్గరే పరీక్షకు పెట్టేవాడు. తోటి ఆచార్యుల మెప్పు అతనికి పెద్ద విషయం కాదు. అక్క "ఊఁ, ఇది నిలుస్తుంది" అనాలి.

"ధరల మీద సర్కారు పట్టు వదిలేస్తే కొట్ల ముందు వరసలే ఉండవక్కా," అనేవాడు.

"ఉండవులే. కొనేవాళ్లుంటే కదా వరస."

ఆడవాళ్లు గొల్లుమనేవారు. అతను ఇంటికి వెళ్లి రాసిన పేజీ కొట్టేసి మళ్లీ రాసేవాడు.

ఎనభై తొమ్మిది ఎన్నికల్లో కార్మికసంఘం తరఫున అతను పార్లమెంటుకు నిలబడినప్పుడు, ఊరి గోడల మీద అతని బొమ్మలు అంటించింది ఆ ఆడవాళ్లే. గెలిచిన రోజున ఎవరూ అడగకుండానే అతను ఒక మాట ఇచ్చాడు. "మీ మిల్లు మీద ఏ నిర్ణయం జరిగినా ముందు ఈ బల్ల దగ్గరికొచ్చి నేనే చెబుతాను. తిట్టాలంటే ఇక్కడే తిట్టండి."

"తిట్టేటప్పుడు ఒరే బోగుష్ అనాలా, ఎంపీగారూ అనాలా?" అంది అక్క పక్క మగ్గం నడిపే ఫెలీత్సియా, అతని ముద్దుపేరు పట్టుకుని.

"ఎంపీగారూ అని మొదలెట్టండి. రెండో మాటకి మీరే ఒరే దాకా వస్తారు."

రెండేళ్లు తిరిగేసరికి తూర్పున ఆ మిల్లు బట్ట కొనే పెద్ద దేశమే ముక్కలై లేకుండా పోయింది. మిల్లును ఖజానా ఇక మోయలేదని పార్లమెంటు సంఘానికి అభిప్రాయం రాసినవాడు బోగుమీల్. నిజాయితీగానే రాశాడు. అందులోని అంకెలను నేటికీ ఎవరూ తప్పుపట్టలేదు. అయితే ఒక వాక్యం ఉంది: పని పోయినవారు పని ఉన్నచోటికి తరలివెళ్తారు. దాన్ని అతను అక్క బల్ల దగ్గరికి తీసుకువెళ్లలేదు. ఆమె ఏమంటుందో అతనికి సుమారుగా తెలుసు. తీసుకువెళ్లకపోవడానికి అదే కారణం.

డిసెంబరులో మిల్లు మూసివేత ఖాయమైంది. జనవరి మూడున వార్సాలో కోటు తొడుక్కుని బయలుదేరినవాడు, కారు దాకా వచ్చి ఆగిపోయాడు. పూలగుత్తి డ్రైవర్ జేనన్ చేతికిచ్చి, "సమావేశం ఉందని చెప్పు," అన్నాడు. సమావేశం ఏదీ లేదు.

మర్నాడు జేనన్ ఇబ్బందిగా నిలబడ్డాడు.

"పూలిచ్చి వచ్చేస్తానంటే అక్కగారు ఒప్పుకోలేదండి. ఈ రోజు గడప దాటినవాడు తినకుండా వెళ్లడానికి వీల్లేదని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు."

"ఏమన్నారు?"

"అందరూ నన్నే అడిగారండి. మిల్లువాళ్లిచ్చిన ఇళ్లు ఉంటాయా, ఊడతాయా? రైలుకట్ట పక్కన తోట జాగాలు ఇకమీద ఎవరివి? ముసలిదాన్నయ్యాను, వార్సాలో నాకు మగ్గం ఎవరిస్తారని ఒకావిడ. నేను బండి నడుపుకునేవాణ్ణి, నాకేం తెలుసమ్మా అన్నాను. పోనీలే, నువ్వైనా వచ్చావన్నారు."

"అక్క?"

"ఆవిడేం అడగలేదండి. నా పళ్లెంలో క్యాబేజీ వడ్డిస్తూనే ఉన్నారు."

తోట జాగాల ఊసు అతను రాసిన అభిప్రాయంలో ఎక్కడా లేదు. బంగాళదుంపలూ గులాబీలూ పెంచుకునే ఆ చిన్న నేల చెక్కలను, మిల్లు ఇళ్లను, అమ్మానాన్నల సమాధులను వదిలి ఆ ఆడవాళ్లెవరూ పని ఉన్నచోటికి తరలలేదు. వాళ్ల పిల్లలు వెళ్లారు. ఫెలీత్సియా మాత్రం చివరికి ఇటలీలో ఒక ముసలమ్మకు సేవ చేయడానికి వెళ్లింది.

బోగుమీల్ మరోసారి గెలిచాడు, ఆ తరువాత ఓడి పాఠాలకు తిరిగివచ్చాడు. క్రిస్మస్‌కు అక్కకు కార్డు రాసేవాడు, ఆమె రెండు ముక్కల్లో జవాబిచ్చేది. పేరురోజుకు మాత్రం వెళ్లలేకపోయాడు. ఒక ఏడు తప్పించుకున్న గడప మరుసటి ఏటికి ఇంకాస్త ఎత్తు పెరిగేది.

ఎంపీ పదవి పోయిన చలికాలంలో, జనవరి మూడున వెళ్లాడు. తలుపు గడియ వేసి ఉంది. గంట కొట్టాడు.

"వచ్చావా. బూట్లు విప్పు, ఇప్పుడే తుడిచాను," అంది గెనొవెఫా.

బల్ల మీద కొట్లో కొన్న కేకు. మిల్లు పోయాక ఆ ఆడవాళ్ల రాక తగ్గుతూ వచ్చి, ఇప్పుడు ఎవరూ లేరు.

"అక్కా, జనం తరలిపోతారని రాశాను. అది తప్పు. నిన్నడిగి ఉంటే అప్పుడే చెప్పేదానివి."

"ఏమోరా. మిల్లు ఎలాగూ పోయేదేగా. చదువుకున్నవాడివి, నువ్వు రాసిందే సరై ఉంటుంది."

అతను ఇన్నేళ్లూ మనసులో కూడబెట్టుకున్న జవాబులన్నీ ఆమె కోపానికి.

"అలా అనకక్కా. నాలుగు తిట్టు."

"దేనికి? టీ చల్లారిపోతోంది, తాగు."

ఇంతలో పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన ఊర్షులా పూలకుండీతో లోపలికి వచ్చింది. గెనొవెఫా పరిచయం చేసింది. "మా తమ్ముడు. వూచ్‌లో అర్థశాస్త్రం చెబుతాడు."

"అయితే బాబూ, ఈ ఊరు ఇలా ఎందుకైపోయిందో మీరే చెప్పాలి," అంది ఊర్షులా, మాటవరసకే.

బోగుమీల్ చెప్పడానికి నోరు తెరిచాడు. ఇన్నాళ్లకు ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు అతన్ని అడిగారు.

"పండుగపూట వాణ్ణి ఇబ్బంది పెట్టకు, ఊర్షులా," అంటూ అక్క అతని పళ్లెంలో కేకు ముక్క వేసింది.

ఒకప్పుడు ఆ బల్ల దగ్గర అతన్ని నిలదీసేవారే తప్ప ఎవరూ వెనకేసుకొచ్చేవారు కాదు.