వెనక సీట్లో కుంగిన గీత

దయ్యాల మాటెత్తితే నవ్వేసే మనిషిని నేను. నిజామాబాద్‌లో కార్లకు సౌండ్ సిస్టమ్ బిగించడం, ట్యూన్ చేయడం నా పని. కారులో ఎవరో గొణుగుతున్నారని భయపడుతూ తెస్తారు. తలుపు విప్పితే లోపల ప్లాస్టిక్ క్లిప్పు ఊడి ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన దయ్యాలన్నీ అలాంటి క్లిప్పులే.

ఇది మాత్రం మా అక్క కారులో జరిగింది.

అక్కాబావలది బోధన్ పక్కన ఊరు. ఒక్కగానొక్క బిడ్డ మేఘన. నాట్లప్పుడు దానికి జ్వరం ముదిరింది. అక్క ఆ రోజు వర్నిలో మా బాపు పొలం దగ్గర ఉంది. బావ ఒక్కడే పిల్లను వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చోబెట్టుకుని నిజామాబాద్ బయలుదేరాడు. దారిలోనే పోయింది. ఆఖరి నిమిషంలో బిడ్డ పక్కన తను లేదన్న ఒక్క మాట దగ్గరే అక్క ఆగిపోయింది. మేం ఎంత చెప్పినా అక్కడినుంచి కదల్లేదు.

ఆ ఎండాకాలం పసుపు అమ్మడానికి వచ్చిన బావ అక్కను నా షాపు దగ్గర దించి, కారు కూడా అక్కడే వదిలి మార్కెట్ యార్డుకు పోయాడు.

“పాటలన్న మంచిగ వినొచ్చేటట్టు చెయ్ తమ్మీ. గా కార్ల కూసుంటే మీ బావ మాట్లాడడు, నేను మాట్లాడ. పానం తీస్తున్నట్టుంటది,” అంది అక్క.

మా పని తీరు చెప్పాలి. కారులో మైకు పెట్టి, తలుపులు మూసి, ఒక్కో స్పీకరులోంచి వాన కురిసినట్టు సర్రుమనే శబ్దం వదులుతాం. మైకు విన్నది లాప్‌టాప్‌లో గీతగా వస్తుంది. ఎక్కడ ఎగిసిందో అక్కడ ఈక్వలైజర్‌లో తగ్గిస్తాం. ఆ సేపు కారులో ఎవరూ కూర్చోకూడదు. మనిషి అడ్డం ఉంటే ఒళ్లు, బట్టలు సన్నటి శబ్దాలను మింగేస్తాయి, గీత చివర కుంగిపోతుంది. ఇన్నేళ్లలో గీత చూసి మనిషి ఉన్నాడో లేడో చెప్పగలిగేంత అలవాటైంది నాకు.

వెనక సీటు నడుమ మైకు పెట్టాను. కుడి తలుపు స్పీకరు గీత సాఫీగా వచ్చింది. ఎడమది కుంగింది. సీటు మీద ఏమీ లేదు. స్పీకర్లు అటుదిటు మార్చాను. తీగ మార్చాను, మైకు మార్చాను. అయినా ఎడమ పక్కదే కుంగింది.

చిరాకులో నోరు జారాను. “ఆ పక్కన ఎవరో కూర్చున్నట్టు చూపిస్తుందేంది ఇది!”

అక్క నా వెనకే నిలబడి ఉంది. తెర మీద గీతను చూసింది, నన్ను చూసింది. పోయి వెనక కుడి తలుపు తీసి లోపల కూర్చుంది. ఎడమ సీటు మీద చెయ్యి వేసి, బిడ్డను జోకొట్టినట్టు మెల్లగా తడుతూ ఉంది.

“ఇప్పుడు పెట్టు,” అంది కిటికీ అద్దంలోంచి.

పెట్టాను. కుడి గీత కుంగింది, అక్క ఉంది కాబట్టి. ఎడమ గీత సాఫీగా సాగింది. ఖాళీ సీటు గీత.

నా ముఖం చూసే తెలుసుకుంది.

“నేను కూసుంటనే పోయిందా?”

అబద్ధమన్నా చెప్పాల్సింది. అక్క దిగి, తలుపు చప్పుడు కాకుండా మూసింది. “నా మీద కోపమున్నది దానికి. నేను దూరం నిలబడ్త, మళ్ల పెట్టు తమ్మీ,” అని రోడ్డు దాటి అవతల నిలబడింది.

మళ్లీ పెట్టాను. గీత కుంగలేదు. దేవుడా, ఒక్కసారి కుంగితే చాలని ఆ క్షణం నిజంగానే మొక్కుకున్నాను.

మొదట ఎందుకు కుంగిందో, తర్వాత ఎందుకు కుంగలేదో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ తర్వాత ఆ కారును ఎన్నిసార్లు కొలిచినా మామూలుగానే ఉంది. తెలిసినవాళ్లను అడిగితే ఏదో లూజ్ కనెక్షన్ అయి ఉంటుందన్నారు. అయి ఉండొచ్చు.

కానీ ఆ పూట అక్కకు నేనేం చెప్పాలి? ఎర్రటి ఎండలో, ఆటోల సందున, కొంగు నెత్తిన వేసుకుని నా చేతి సైగ కోసం చూస్తూ ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. అక్క ఇంకొంచెం వెనక్కి జరిగింది.

“ఇంక దూరం పోవాల్నా తమ్మీ?” అని అరిచింది.