‘ఎప్పుడూ’ అన్న గడిలో టిక్కు

తొంభైల చివర్లో నేను పరిశోధన చేసిన అంశానికి ఇంగ్లీషులో పెద్ద పేరుండేది. మా గైడు గారూ నేనూ కూర్చుని దాన్ని తెలుగులో ‘ధిక్కార ప్రవర్తన’ అన్నాం. కాళ్ళు రాని, మాట సరిగ్గా రాని, ఎదుగుదల తక్కువైన చిన్నపిల్లల్లో ఎదురుతిరిగే గుణం ఎంత ఉందో చూడాలి. అంత పసిపిల్లలకి ధిక్కారమేమిటని అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీదే.

నేను పుట్టి పెరిగింది గుడివాడలో. పరిశోధన కోసం బందరులో గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే బస్సెక్కి చల్లపల్లి మీదుగా దివిసీమ ఊళ్ళకు వెళ్ళేదాన్ని. చేతిలో ఫారాల కట్ట. ఒక్కో ప్రశ్నకు నాలుగు గడులు: అసలు లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ. తల్లి చెప్పినదాన్నిబట్టి టిక్కు పెట్టాలి. సొంత అభిప్రాయం కలపకూడదని గైడు గారు మరీ మరీ చెప్పారు. నేనూ ఆ మాట గట్టిగా పట్టుకున్నాను.

అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో ఐదేళ్ళ పాప ఉండేది. పుట్టుకతోనే కాళ్ళు బిగుసుకుపోయి నడవలేదు, చేతుల మీద పాకుతుంది. మాట ముద్దగా వస్తుంది, కాస్త అలవాటైతే అర్థమవుతుంది. ముద్దొచ్చి ఎత్తుకోబోతే నా మణికట్టు మీద కొరికింది. తనంతట తనే పాక్కుంటూ వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.

తల్లి నాకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, తను కింద కూర్చుంది.

“చెప్పిన మాట వింటుందా అమ్మా?” అని మొదలుపెట్టాను.

“ఎక్కడండీ! ఒట్టి మొండిఘటం. ఒక్క మాట వింటే ఒట్టు.”

“కావాలని విసిగిస్తుందా?”

“నా ప్రాణాలు తోడేస్తుందండీ. దీనంత తిక్కపిల్ల ఈ ఊళ్ళోనే లేదు.”

ఆవిడ చెబుతూ పోయింది, నేను ‘ఎప్పుడూ’ అన్న గడిలో టిక్కులు పెడుతూ పోయాను. ఆ సేపంతా పాప గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూనే ఉంది. “పీచు కూడా తియ్యవే” అంటే తీసింది. “ఈగలు వాలుతున్నాయి, మూత పెట్టు” అంటే పెట్టింది. అదంతా నా కళ్ళ ముందే జరిగింది. దానికి గడి లేదు కాబట్టి రాయలేదు.

నేను లేస్తుంటే తల్లి ఒక మాట అడిగింది. “బందర్లో ఇలాంటి పిల్లల బడి ఉందటగదండీ. కాళ్ళకి కసరత్తులు అవీ చేయిస్తారంట. నడవకపోయినా పరవాలేదండీ, నా బిడ్డ తన కాళ్ళ మీద నిలబడితే చాలు. మీరొక మాట చెప్తే సీటిస్తారేమో.”

ఆ బడి పెద్దావిడ నాకు తెలుసు. అప్పటికి ఒక్క సీటే ఖాళీగా ఉంది. వెళ్ళి అడిగాను. చదువుకున్నదాన్ని కదా, ఉత్త మాటగా ఎందుకని నా ఫారం జెరాక్సు తీయించి జత చేసి మరీ ఇచ్చాను.

వారం తిరక్కుండానే పిలిచారు. “మాకున్నది ఇద్దరు ఆయాలండీ. ఈ పిల్లని పెట్టుకుంటే మిగతా పిల్లల్ని బతకనిస్తుందా? మీరే రాశారుగా” అని కాగితం నా ముందుకు జరిపారు. నా చేతిరాతే.

ఆ కబురు పట్టుకుని మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. విని తల్లి బిత్తరపోయింది. “అవన్నీ నిజమనుకుని రాసేశారా మేడమ్ గారూ? కొత్త మనిషి ముందు కన్నబిడ్డని ఎవరన్నా మంచిదంటారా అండీ, దిష్టి తగలదూ? అసలే కాళ్ళు రాని పిల్ల. మీరూ ఈ వైపువారేగా, మీకు తెలీదా?”

తెలుసు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను బళ్ళో ఫస్టొచ్చిన ఏడాది మా అమ్మ ఇంటికొచ్చినవాళ్ళందరితో “ఏం చదువులెండి, మొద్దుమొహం” అనే చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. ఫారం చేతికొచ్చేసరికి నేను నమ్మాను. అప్పటికి ఎన్ని ఇళ్ళలో ఎందరు తల్లుల మాట అలాగే రాసుకున్నానో ఆలోచించడానికే భయమేసింది. తర్వాత గైడు గారితో చెబితే, తల్లులు చెప్పింది చెప్పినట్టే ఉంచమన్నారు. ఉంచాను. డిగ్రీ వచ్చింది. ఆ సిగ్గు మాత్రం ఈనాటికీ వదల్లేదు.

ఆ రోజు కొత్త ఫారం తీశాను, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. అది పట్టుకెళ్ళినా సీటు రాలేదు, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. కానీ ఆ పూట మా ఇద్దరికీ ఇంకా ఆశ ఉంది.

తల్లి పైట చెంగు వేలికి చుట్టుకుంటూ, గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టింది. “మంచి పిల్లేనండీ. చెప్పిన పని చేస్తుంది. నాకు జ్వరమొస్తే పక్కనుంచి కదలదు. ఎవరన్నా ఎత్తుకుంటేనే కోపం, తనే వెళ్ళాలని. తెలివి కూడా...” అని ఆగిపోయింది.

గుమ్మంలో ఉన్న పాప మా వైపే చూస్తోంది.

“ఎవలమ్మా?” అంది. “ఆ పిల్ల ఎవలు?”

తల్లి నా వైపు చూసింది, పాప వైపు చూసింది, తెరిచిన నోరు మూసేసింది. నేను చూస్తుండగా ఆ మాట రాదని ఈసారి నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఫారం మడిచి లేచి, వీధి వైపు తిరిగి నిలబడ్డాను. చాలాసేపటికి నా వెనకనుంచి గుసగుసగా వినబడింది.

“నువ్వేనే.”