మా గోడ మీద అమ్మ సినిమా

ఇందాక చిత్తూరులో ఒకాయన గోడకి సినిమా పోస్టర్ అంటిస్తుంటే మైదా బంక వాసన వచ్చింది. బండి ఆపేశాను.

మీకు గుర్తుందా, పోస్టర్ అంటించుకోనిస్తే ఆ ఇంటికి టాకీసువాళ్లు పాసు ఇచ్చేవాళ్లు. మా గోడ రోడ్డు మీదికే ఉండేది. గోడ మీద ఏ పోస్టరుంటే ఆ సినిమాకే పాసు. ఒకసారి అమ్మ కోరి కోరి అమ్మవారి సినిమా పోస్టర్ వేయించుకుంది. మ్యాట్నీకని పట్టుచీర కూడా తీసిపెట్టుకుంది. ఆమె నీళ్లకి పోయినప్పుడు ఇంకో టాకీసాయన వచ్చాడు. నేను బడి ఎగ్గొట్టి ఇంట్లోనే ఉన్నాను.

"ఏమప్పా, ఇది ఫైటింగ్ సినిమా. దాని మీదనే అంటించేదా?"

ఎగిరి గంతేసి తలూపాను. అమ్మ పాసు అట్లా పోయింది.

ఆమె వచ్చి తడి పోస్టర్ చూసింది. కొడుతుందనుకున్నాను.

"పోనీలే నాయనా, నీకు ఫైటింగులంటే ఇష్టం గదా" అని చీర మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

ఇప్పుడు, వచ్చే సోమవారం అమ్మకి కంటి ఆపరేషన్. చూపు నిలుస్తుందని డాక్టరు గట్టిగా చెప్పలేదు. అందుకే ఆదివారం సినిమాకి తీసుకుపోదామని, ఇంటికి రాగానే ఫోనులో మూడు కొత్త సినిమాలు చూపించాను.

"నువ్వే చెప్పుమా, ఏది సూస్తావు?"

ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఫైటింగుది యాడుండాది? దానికే పోదాం. నీకు ఇష్టం గదా."

నాకు ఆ ఇష్టం పోయి ఎన్నేళ్లయిందో. ఇంకా టికెట్లు తీయలేదు. అమ్మకి ఏది కావాలో ఎట్లా అడగాలో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.