శామ్యేలన్న చెవి

నెల్లూరులో చెవుల డాక్టరు దగ్గర, గాజు తలుపున్న చిన్న గదిలో నన్ను కూర్చోబెట్టి బరువైన హెడ్‌ఫోన్లు తగిలించారు. చప్పుడు వినబడితే బటన్ నొక్కమన్నారు. మొదట లావు చప్పుళ్లు, ఎవరో పీపా దొర్లించినట్టు. నొక్కాను. తర్వాత సన్నబడుతూ వచ్చాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. గాజు అవతల అమ్మాయి మాత్రం మీట తిప్పుతూనే ఉంది. అది తిరిగినప్పుడల్లా నాకు వినబడనిది ఒకటి నా చెవిలోనే మోగుతోందని అర్థమైంది. తిరుగు బస్సులో, పోయినవాటికి లెక్క వేశాను. దోమ పోయింది. పాలు పొంగే ముందు గిన్నె వేసే బుస పోయింది. చెల్లెలి కూతురి పట్టీలు పోయాయి. ఫోనులో ‘స’కూ ‘ష’కూ తేడా పోయింది. ఇరుసు ఎండిన చక్రం వేసే కీచు ఎప్పుడు పోయిందో గుర్తే లేదు. అన్నిటికంటే అదే భయపెట్టింది. ఇవి ఇదే వరుసలో పోవడం ఇంతకుముందు ఒకసారి చూశాను. అప్పుడు పోయినవి శామ్యేలన్నవి.

కావలికి తూర్పున, సముద్రం పక్క రొయ్యల గుంటల మీద ఆయన మెకానిక్కు. నేను పదో తరగతితో చదువు ఆపేసి, బుచ్చిరెడ్డిపాలెం వైపు నుంచి మేత లెక్కలు రాయడానికి వచ్చాను. వల విసిరితే పడిన రొయ్యలను బట్టి గుంటలో మొత్తం ఎంత ఉందో కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. కానీ ఆ లెక్కంతా నీళ్లను చిలికే చక్రాల మీద ఆధారపడిందని మొదటి ముసురులోగానీ తెలియలేదు. మబ్బు పట్టిన పగలు నీటిలో గాలి తగ్గిపోతుంది. అప్పుడు చక్రాలు ఆగితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. తేలిన పంటను ఎవరూ బతికించలేరు. ఆ రోజు కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపల గుంటల మీద పరుచుకున్న నిశ్శబ్దానికి నేను గట్టు మీదే నిలబడిపోయాను.

“ఏంది పాపా, అట్టా నిలబడి పోయినావు? లెక్కల మనిషివి గదా, లెక్కబెట్టు” అన్నాడు శామ్యేలన్న, జనరేటరు మీద వంగి.

“ఏం లెక్కబెట్టేదన్నా?”

“పన్నెండు. నాలుగు ఇంట్లో, రెండు పక్కింట్లో, రెండు మళ్లా ఇంట్లో. మిగతా నాలుగులో దారి ఎతుక్కొని ఇల్లు చేరాల. చేరినాక మళ్లా మొదలు.”

చక్రాలు తిరిగాక, అది బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ల ఏడుపు పాట నడిచే కొలత అని, ఇల్లంటే పాట మొదలైన స్వరమని చెప్పాడు. మద్రాసు హార్బరులో పనిచేసిన రోజుల్లో, పాత సామాన్ల బజారులో ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు రికార్డులు పదకొండు కొన్నాడట. జనరేటరు షెడ్డు వెనక గదిలో, రికార్డు ప్లేయరు, చెక్క పెట్టె అంత స్పీకరు పక్కన వాటిని గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు. ఆ బ్యాండు పేరొక్కటే మారలేదు. పదకొండు రికార్డులకు ఇద్దరు గాయకులు, నలుగురు గిటారు వాళ్లు, ముగ్గురు డ్రమ్మర్లు. బ్యాండుకు పేరొచ్చింది చివరి జట్టుతో. శామ్యేలన్న ప్రాణం మాత్రం, ఎవరికీ తెలియని రోజుల్లో వాళ్లు వాయించిన మొదటి బ్లూస్ రికార్డుల మీద.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో ముగ్గురం చేరేవాళ్లం. మూడోవాడు కరెంటు పని చేసే మస్తాను. వాడిది చివరి జట్టు హోరు పాటల పక్షం.

“నీ పాతయ్యన్నీ ఏడుపేగదన్నా” అనేవాడు.

“ఏడుపేరా అబ్బయా. కానీ కొలిచి ఏడ్చినారు. నీ వాళ్లు డబ్బులొచ్చినాక అరిచినారు.”

“అరిస్తేనేగా నీకు వినబడేది, ముసలోడా!”

మాకొక ఆట ఉండేది. అట్ట చూపకుండా ఒకరు రికార్డు మీద ముల్లు పెట్టాలి. డ్రమ్ము ఎవరిదో మిగతావాళ్లు చెప్పాలి. లావు దెబ్బ ముగ్గురిదీ ఒకటేననీ, పట్టిచ్చేది డ్రమ్ముల పక్కన కర్రతో కొట్టే ఇత్తడి పళ్లెమేననీ శామ్యేలన్న నేర్పాడు. మొదటివాడు పళ్లేన్ని తాకీ తాకనట్టు తాకుతాడు. రెండోవాడు వెంట్రుకవాసి ఆలస్యం. మూడోవాడు పళ్లెం మోత ఆగనివ్వడు. ఇదే చెవితో ఆయన గట్టు మీద నడుస్తూ ఏ చక్రం ఇరుసు ఎండుతోందో మోటారు కాలకముందే చెప్పేవాడు. నాలుగేళ్లు ఆయన తప్పు చెప్పగా నేను వినలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం మస్తాను ముల్లు పెట్టాడు. పళ్లెం ఆగకుండా మోగుతోంది. శామ్యేలన్న కళ్లు మూసుకుని, “మొదటోడు. ఎంత నెమ్మది చూడు” అన్నాడు.

మస్తాను పగలబడి నవ్వాడు. “మూడోవాడన్నా! నా వాడు! ఇన్నాళ్లకు నా వాడు నీకు నచ్చినాడు!”

శామ్యేలన్న కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన పళ్లెం చప్పుడును పొరబడలేదు. అది ఆయనకు వినబడనే లేదు. అది వినబడనివాడికి ఇరుసు కీచు ఎలా వినబడుతుంది?

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన పని పోతుంది. చెప్పకపోతే గుంట పోతుంది. ఆ వారమంతా మేత లెక్క వంకతో ఆయన వెనకే గట్ల మీద తిరిగాను. శుక్రవారం ముసురు పట్టింది. మూడో గుంట దగ్గర ఆయన బీడీ ముట్టించుకుంటున్నాడు. పది అడుగుల దూరంలో చక్రం కీచుమని ఏడుస్తోంది. ఆయన అగ్గిపుల్ల ఆర్పి, నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు.

“అన్నా, చక్రం!”

ఆయన చక్రం వైపు చూడలేదు. నా ముఖం చూశాడు. తర్వాత పరిగెత్తి మోటారు ఆపి, ఇరుసు విప్పి గ్రీజు పెట్టాడు.

“ఎప్పట్నించి తెలుసు నీకు?” అన్నాడు.

“మొన్న రికార్డు పెట్టినప్పట్నించి.”

“నాకు పోయిన క్రిస్మసు నించి తెలుసు. చర్చిలో ఆడోళ్ల గొంతులు సగమే వస్తుండాయి.” గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “శానా భయంగా ఉంది పాపా. తెల్లారి లేచినప్పుడల్లా ఈ రోజు ఏం పోయిందా అని ఎతుక్కుంటుండా.”

“నేను వింటాలేన్నా. ఓనరుకు తెలియనియ్యను.”

“నీకు జొరమొస్తే? ఆ రోజు ఎవరు వింటారు?” అని లేచాడు. “బ్యాండులో డ్రమ్మరు మారతాడు. చెయ్యి పడిపోయినోడు మారకుండా కూర్చుంటే పాటే పోద్ది.”

ఆ సాయంత్రం ఆయనే ఓనరు దగ్గరికి వెళ్లి చెప్పాడు. గట్ల మీద వినే పని నాకిమ్మని కూడా ఆయనే అడిగాడు. తిరిగొచ్చి గది తాళంచెవి నా చేతిలో పెట్టినప్పుడు ఆయన ముఖం పాలిపోయి ఉంది. నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది. ఆ రాత్రి నుంచి నాకు పూర్తి నిద్ర లేదు.

ఆదివారాలు చర్చి అయ్యాక మాత్రం వచ్చేవాడు. ఎడమ అరచేయి స్పీకరు పెట్టె మీద ఆనించేవాడు, లావు దెబ్బ తెలియడానికి. కుడి అరచేయి బల్ల మీద పరిచేవాడు. పళ్లెం మోగినప్పుడల్లా ఆ చేతి పక్కన నేను గోటితో బల్లను కొట్టాలి. అలా రెండు చేతులతో పాట పూర్తయ్యేది.

“రెండోవాడు” అనేవాడు కళ్లు మూసుకుని. “ఎదవ, ఇంకా ఆలస్యంగానే వస్తుండాడు.”

మొదటి బ్లూస్ రికార్డులతో మొదలుపెట్టి, వరసగా, తొందర లేకుండా ఎనిమిది ముగించాం. తర్వాత వానలు పట్టుకుని గట్లు మునిగాయి. రెండు ఆదివారాలు ఆయన రాలేకపోయాడు. మూడో ఆదివారం చర్చి గంట ఆయన అంతిమయాత్ర కోసమే మోగింది.

రికార్డులు ఆయన కూతురు నాకే ఇచ్చింది. ఎనిమిదీ అప్పుడప్పుడు పెడుతూనే ఉన్నాను. అవి నా గోటికి కంఠతా వచ్చు. వినబడకపోయినా వినబడినట్టే కొట్టగలను. మిగతా మూడూ ముట్టుకోవాలంటే భయం. ముల్లు పెట్టాక గోరు ఎప్పుడు కొట్టాలో తెలియకపోతే ఇక ఏ లెక్కతోనూ నన్ను నేను మభ్యపెట్టుకోలేను. రేపు పొద్దున ఓనరుకు చెప్పాలి. శామ్యేలన్న చెప్పినట్టే, అడగకముందే. అది చెప్పగలననే అనుకుంటున్నాను. ఆయనకు నేను పడిన బాకీ మాత్రం అలాగే ఉంది. ఇద్దరం ముగించని మూడు రికార్డులు.