లంగరేసిన ఓడని గుర్తు పెట్టుకున్న పోలిరాజు

“ఓడని గుర్తెట్టుకున్నాను. అదీ నా తెలివి,” అన్నాడు పోలిరాజు, ఒళ్ళో ఉన్న చిరుగుల వలలోకి దారం ఎక్కిస్తూ.

గడపలో కూర్చున్న మనవరాలు అనూరాధ తను కోడ్ రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టింది. “గుర్తు మారిపోతే ఏటవుద్ది తాతా?” అని తను అడిగిన దానికి ఇదా జవాబు?

“ఏ ఓడ?”

“ఇనపరాయి కోసం వొచ్చిందిలే. రేవులో సోటు లేక ఇరవై రోజులు బయటే కూకుంది.”

పెదజాలారిపేటలో సముద్రం మీది చిరునామాకి రెండు గుర్తులుండాలి. పడవలోంచి చూస్తే దక్షిణాన లైట్‌హౌస్ కొండ కొసకి ఆనాలి, ఉత్తరాన మిల్లు పొగగొట్టం ఇంకో కొండ నడుముకి ఆనాలి. రెండూ ఒక్కసారే కుదిరితే పడవ ఆ చోట ఉన్నట్టే. కింద పన్నెండు బారల లోతున రాళ్ళు, వాటి చుట్టూ వంజరం చేపలు. ఇలాంటి చోట్లు పోలిరాజు బుర్రలో నలభై ఒకటున్నాయి. ఇప్పుడు ఆయన కళ్ళకి పొర కమ్మింది. పడవ నడిపే కొడుకు సింహాద్రికి గుర్తులు తారుమారై, మొన్న వల రాళ్ళకి చిక్కింది. ఎక్కడైనా రాసి పెట్టకపోతే అవన్నీ ముసలాయనతోనే పోతాయి.

ఆ పని అనూరాధ నెత్తిన వేసుకుంది. ద్వారకా నగర్‌లో ఒక నెట్ సెంటర్లో ఉద్యోగం. జనం లేని వేళల్లో పాత పుస్తకం ముందేసుకుని పైథాన్ అనే కంప్యూటర్ భాష తనంతట తనే నేర్చుకుంటోంది. అందులో డిక్షనరీ అని ఒకటుంది. మాట వెతికితే అర్థం దొరికినట్టు, గుర్తులు చెబితే కింద ఏముందో చెబుతుంది. ఆమె రెండు గుర్తుల్నీ చదరపు బ్రాకెట్లలో జాబితాగా పెట్టి, ఎదురుగా ‘వంజరం, పన్నెండు బారలు’ అని కొట్టింది. జాబితా ఇక్కడ చెల్లదంది కంప్యూటర్. మూడు రోజులుగా అదే మాట. జాబితా మారుతుంది, గుండ్రటి బ్రాకెట్లలో కట్టిన టపుల్ మారదు, కనుక టపుల్ వాడమని పుస్తకం. మారితే దానికొచ్చిన నష్టమేమిటో మాత్రం చెప్పదు.

“తర్వాతేటైంది?”

“ఏటవుద్ది? ఉత్తరాన మబ్బు, గొట్టం కనపళ్ళేదు. ఈ ఓడ కదల్దులే అని దాన్నెట్టుకున్నాను. భలే సేప పడింది. నాలుగో రోజు ఎల్తే ఓడ లేదు. రేవులోకి ఎల్పోనాది. సోటు అక్కడే ఉంది, సేపలూ అక్కడే ఉన్నాయి, నాకే దారి లేదు.”

లోపల చేపలు తోముతున్న ఆయన భార్య పోతమ్మ ఊరుకోలేదు. “ఇల్లెక్కడంటే, ఆ ఆగున్న ఆటో పక్కన అని సెప్పినట్టుంది మీ తాత యవ్వారం.”

“నలభై ఏళ్ళనుంచీ ఇదే మాట,” అన్నాడు పోలిరాజు, నొచ్చుకోకుండా.

అనూరాధ నవ్వుతూనే కాగితం మళ్ళీ అందుకుంది. మారగలిగినదాన్ని పట్టుకుని వెతికితే, మారిన రోజున వెనకున్నది అలాగే ఉన్నా ఇక దొరకదు. కంప్యూటర్ మొండితనం కాదిది, తాత పడ్డ పాటు అది ముందే తప్పిస్తోంది. దాని మీది చదరపు బ్రాకెట్లు కొట్టేసి గుండ్రటివి పెట్టింది. లోపల అవే రెండు గుర్తులు, అదే వరసలో.

“ఈ గీతలెందుకే?”

“ఇలా కడితే ఇంక ఎవరూ మార్చలేరు తాతా. ఎదురుగా ఉన్న చేప పేరు మాత్రం కావాలంటే మార్చుకోవచ్చు.”

“అదీ నాయం. సేపలు మారతాయి.” వల పక్కకి తోసి, సముద్రం వైపు కాక ఊరి వైపు తిరిగాడు. “నువ్వు కట్టీసినా, ఆ మిల్లోలు ఊరుకోవాల కదే. గొట్టం పడగొడతారని సింహాద్రి అంటన్నాడు. నాకు అటంతా తెల్లగా పొగలాగే ఉంది. రేపు పనికెల్తూ ఓ స్టాపు ముందు దిగి సూసి రా. ఉంటేనే నీ మిషన్లో కొట్టు. లేదనుకో, దాని పక్కన కదలందేటుందో నాకొచ్చి సెప్పు.”