శ్రీదుర్గ చదివి వినిపించిన వరసలు

సత్యప్రసాద్ భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాడు. ఆయనకున్న షుగరు తిన్నగా కళ్ల మీదికే వచ్చింది. రెండువేల ఏడులో ఒక కన్ను పోయింది. రెండోదానికి లేజర్ చేయించినా తెరమీది అక్షరాలు అలుక్కుపోయేవి. కాలేజీవాళ్లు మర్యాదగానే మాట్లాడి సెలవు పెట్టించారు. అది తిరిగి చేరే సెలవు కాదని ఆయనకి తెలుసు.

నరసాపురంలోని ఇంటికొచ్చేస్తూ ఒక లాప్‌టాప్, పాత రూటరు అడిగి తెచ్చుకున్నాడు. ల్యాబ్‌లో తెగని పని ఒకటి మిగిలిపోయింది. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన లాప్‌టాప్‌లు పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా వైఫైకి కలిసేవి కావు. పాస్‌వర్డ్ లేని వైఫైకి ఇట్టే కలిసేవి. రూటరు మార్చి చూశాడు, లాభం లేకపోయింది. అవే మిషన్లు విండోస్‌లో బాగానే పనిచేసేవి. అంటే తప్పు లోపలి వైఫై కార్డులో లేదు, దాన్ని నడిపించే ప్రోగ్రామైన డ్రైవర్‌లో ఉంది. ఆ డ్రైవర్ కోడ్ ఎవరైనా తెరిచి సరిచేసుకోవచ్చు. అందుకే వదల్లేకపోయాడు.

పొద్దున్నే వంట ముగించుకుని భార్య శ్రీదుర్గ ఆయన పక్కన కూర్చునేది. కార్డు చేసే ప్రతి పనీ తెరమీద ఒక్కో వరసగా పడుతుంటే, పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ చదివేది. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. మొదట్లో విసుక్కునేవాడు. నీకెందుకీ బాధ, లేచి వెళ్లమనేవాడు. ఆమె లేచేది కాదు.

అలా వర్షాకాలం గడిచిపోయింది. ఒక ఉదయం ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ వరస మళ్లీ చదువు, దుర్గా."

"పవర్ సేవ్ ఎనేబుల్డ్ అనుందండి."

"దాని కింద?"

"అథెంటికేషన్ టైమ్డ్ అవుట్."

రూటరూ కార్డూ ఒకదాన్నొకటి గుర్తుపట్టే తతంగం పూర్తికాకముందే, కరెంటు ఆదా కోసం కార్డు నిద్రలోకి జారుకుంటోంది. రూటరు పంపిన మాట దానికి అందడం లేదు. ఆ తతంగం అయ్యాకే నిద్రపోయేలా ఆయన కోడ్ చెబుతుంటే ఆమె టైపు చేసింది.

"అయ్యిందా?"

"అయ్యిందండి. కలిసింది."

ఆయన తెరవైపు ముఖం తిప్పాడు. అప్పటికి ఆయనకి వెలుతురు తప్ప మరేమీ తెలిసేది కాదు.

ఆ సవరణ పంపితే, డ్రైవర్ కోడ్ బాగోగులు చూసుకునేవాళ్లు దాన్ని తీసుకుని ఆయన పేరు పెట్టారు. శ్రీదుర్గ పేరు కూడా ఉండాలని ఆయన పట్టుబట్టాడు. తన చేత్తో తన పేరు కొట్టనని ఆమె ఊరుకుంది.

మర్నాడు ఆయన అలవాటుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఊఁ, చదువు," అన్నాడు.

"ఇంక చదవడానికేం లేదండి. తప్పు దొరికిపోయిందిగా."

ఆయన తలూపాడు. ఆమె పేపరు తెచ్చి రొయ్యల ధరలు, రైళ్ల వేళలు చదివింది. ఆయన ఎక్కడా ఆగమనలేదు, మళ్లీ చదవమనలేదు. కాసేపటికి ఆమె వరస మధ్యలోనే ఆపి పేపరు మడిచింది. చదవడం ఆగిందని కూడా ఆయన గమనించలేదు.